గాజు తొట్టె కబుర్లు: ఇంటిపేరు తెలియని నీలం చేప

పశ్చిమ ఆఫ్రికా కిల్లీ చేపల గురించి పోయిన సంచికలో ఒక అరపేజీ రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇన్నేళ్ళుగా గోల్డ్‌ఫిష్ గురించి రాసినవాటికి కూడా రాలేదు. సగం ఉత్తరాల్లో మొదటి ప్రశ్న ఒక్కటే: కిల్లీ అంటే చంపే చేపా అని. కాదండీ. డచ్చి భాషలో 'కిల్' అంటే చిన్న వాగు. వాగుల్లో తిరిగే చిన్న చేపలు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. మన కిళ్ళీ కొట్టుతో కూడా దీనికి సంబంధం లేదు. నవ్వకండి, ఆ ప్రశ్న కూడా ఒకరు అడిగారు. మిగతా ఉత్తరాల్లోంచి పదిమందికీ పనికొచ్చేవి ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న (విశాఖపట్నం, బ్యాంకు ఉద్యోగి): మాస్టారూ, ఇక్కడ ఒక దుకాణంలో 'ఆఫ్రికన్ బ్లూ కిల్లీ' అని చెప్పి ఒక మగ, రెండు ఆడ చేపలు ఇచ్చారు. మగది రెండంగుళాల పైన ఉంది. ఒళ్ళు నీలం, దాని మీద ముదురు ఎరుపు చుక్కలు, రెక్కల అంచున పసుపు గీత. ఆడవి మట్టిరంగు. ఫోటోలు పంపుతున్నాను. ఇది ఏ జాతి? ఫోన్‌లో వెతికితే ఇరవై పేర్లు కనిపించి తల తిరిగింది.

జవాబు: మీ తల తిరగడంలో తప్పులేదు. నేను జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, నాకూ తిరిగింది. కానీ ఫోటోలు బాగా తీశారు. మీ చేప ఫుండులోపాంచాక్స్ గార్డ్‌నెరి అని తొంభై పాళ్ళు ధైర్యంగా చెబుతాను. ఎలా చెప్పానో కూడా వినండి, రేపు ఇంకో చేప కొనేటప్పుడు మీకే అక్కరకొస్తుంది.

ముందు మగచేపనే చూడాలి. అదీ కొన్న రోజున కాదు. బెదిరిన చేప రంగు దాచేస్తుంది. రెండు రోజులు ఆగి, పొద్దున్నే, టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. రంగు కంటే ముందు వెన్ను మీది రెక్క ఎక్కడుందో చూడండి. పాఠ్యపుస్తకాల్లో 'వాజం' అంటారు, మనం రెక్కే అందాం. గార్డ్‌నెరికి ఆ రెక్క పెద్దది, బాగా వెనక్కి, కింది రెక్కకి దాదాపు ఎదురుగా ఉంటుంది. ఒళ్ళు పుల్లలా సన్నగా కాక కాస్త కండపట్టి ఉంటుంది. మొప్ప మూత మీద ఎర్రటి వంకర గీతలు, చిన్నపిల్లలు స్కెచ్ పెన్నుతో గీకినట్టుంటాయి. మొప్ప వెనకాల చుక్కలు చిక్కగా ఉండి, తోక వైపు వెళ్ళేకొద్దీ చెదిరిపోతాయి. వెన్ను రెక్క, కింది రెక్క, తోక, మూడింటి చివరా పసుపు గానీ తెల్లటి నీలం గానీ అంచు, దానికి లోపలి పక్కన ఎరుపు పట్టీ. చీర అంచూ దాని మీద చిన్న గీతా అనుకోండి. ఇవన్నీ మీ ఫోటోలో ఉన్నాయి.

కానివి ఏవో చెబితే ఇంకా తేలిక. తోక రెండు కొసలూ పొడుగ్గా వీణ తంతుల్లా సాగి ఉంటే అది అఫియోసెమియన్ ఆస్ట్రేల్, గాబన్ దేశపు చేప. అయిదంగుళాల దాకా పెరిగి, తోక మూడు పాయలుగా కనిపిస్తే బ్లూ గులారిస్. గార్డ్‌నెరి రెండున్నర అంగుళాలు దాటడం అరుదు.

పసుపు అంచు ఒక జాతి, నీలం అంచు ఇంకో జాతి అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకే వాగులో రెండు అంచుల మగచేపలూ దొరుకుతాయి. ఒకే ఇంట్లో ఒక పిల్లాడు తెల్లగా, ఒకడు చామనఛాయగా పుట్టినట్టే.

మరి మిగతా పది పాళ్ళు ఎందుకు వదిలేశానంటే, ఒకటి, మీ ఆడచేపలు. కిల్లీల్లో చాలా జాతుల ఆడవి ఒకేలా మట్టిరంగులో, చిన్న చుక్కలతో ఉంటాయి. దుకాణంలో సంచి కట్టేటప్పుడు పక్క తొట్టెలోది ఒకటి కలిసినా మీకూ తెలియదు, నాకూ తెలియదు. రెండోది అసలు సంగతి. ఆ చేప ఊరేదో సంచి మీద లేదు.

గార్డ్‌నెరిని 1911లో జార్జ్ ఆల్బర్ట్ బౌలెంజర్ అనే శాస్త్రవేత్త నైజీరియా నుంచి వచ్చిన చేపలు చూసి వర్ణించాడు. నైజీరియా, కామెరూన్ దేశాల్లో ఇది చాలా చోట్ల ఉంది. అడవి వాగుల్లో ఉంది, గడ్డి మైదానాల చెలమల్లోనూ ఉంది. ఒక్కోచోట ఒక్కో తీరు. నైజీరియానస్ అనే ఉపజాతికి 1963లో పేరుపెట్టారు. కామెరూన్‌లో మాంఫే పరిసరాల్లోది మాంఫెన్సిస్. దానికి దగ్గర్లోనే ఎజాఘమ్ అనే చిన్న సరస్సుంది, ఆ ఒక్క సరస్సు చేప లాకుస్ట్రిస్. ఇక ఉపజాతి లోపల మళ్ళీ ఊళ్ళు: మకుర్డి, లాఫియా, అకురే, ఇలా. పెంపకందార్లు ఆ ఊరి పేరుని చేప పేరు పక్కన తప్పనిసరిగా రాస్తారు. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ళ పేర్లే కదా, ఇదీ అంతే. ఒక్కటే తేడా. మనలో ఇంటిపేరు ఒకటైతే పెళ్ళి కుదరదు. వీటికి ఇంటిపేరు ఒకటైతేనే పెళ్ళి.

మీ తొట్టె మీద 'ఫుండులోపాంచాక్స్ గార్డ్‌నెరి, ఊరు తెలియదు' అని రాసి పెట్టండి. కొన్న తేదీ కూడా వేయండి.

ప్రశ్న (తిరుపతి, ఎమ్మెస్సీ విద్యార్థిని): పాత పుస్తకంలో అఫియోసెమియన్ గార్డ్‌నెరి అనీ, కొత్త వ్యాసాల్లో ఫుండులోపాంచాక్స్ గార్డ్‌నెరి అనీ ఉంది. ఇవి రెండు చేపలా, ఒకటేనా సార్?

జవాబు: ఒకటేనమ్మా. బౌలెంజర్ మొదట ఫుండులస్ అన్నాడు, తర్వాత అఫియోసెమియన్‌లోకి మార్చారు, ఇప్పుడు ఫుండులోపాంచాక్స్. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినట్టు, మనిషి అదే. ప్రజాతి పేరు మారినా గార్డ్‌నెరి అన్న రెండో పేరు మారలేదు చూడండి, వెతికేటప్పుడు దాన్ని పట్టుకోండి.

మీరు జువాలజీ చదువుతున్నారు కాబట్టి ఇంకో ముచ్చట చెబుతాను. కామెరూన్‌లో స్వీడన్ శాస్త్రవేత్త షోస్టెట్ సేకరించిన ఒక చేపకి 1895లో లోన్‌బెర్గ్ అనే ఇంకో శాస్త్రవేత్త ఆయన పేరే పెట్టాడు. తర్వాత దశాబ్దాల పాటు అక్వేరియం లోకమంతా ఆ పేరుతో పిలిచింది వేరే చేపని, సియర్రా లియోన్ వైపు దొరికే 'గోల్డెన్ ఫెజెంట్' అనే బంగారు రంగు చేపని. అసలు షోస్టెట్ చేపేమో వేరే పేరుతో వాళ్ళ తొట్టెల్లోనే తిరుగుతోంది. 1966లో క్లౌసెన్ అనే శాస్త్రవేత్త సీసాలో దాచిన అసలు నమూనాకీ తొట్టెలోని చేపకీ పొంతన లేదని తేల్చాడు. షోస్టెట్ పేరు బ్లూ గులారిస్‌కి వెళ్ళింది. గోల్డెన్ ఫెజెంట్‌కి ఆక్సిడెంటాలిస్ అని కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది. అంతమంది పెంపకందార్లు, అన్ని పత్రికలు, అన్నేళ్ళూ ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాశారు. సీసాలో ఉన్న చేపని చూసినవాడు లేడు.

ప్రశ్న (హైదరాబాద్, గృహిణి): మా బాబు దగ్గర నీలం గార్డ్‌నెరి ఆడచేప ఒకటే మిగిలింది. దుకాణంలో 'గోల్డ్ కిల్లీ' మగచేప ఉందంటే తెచ్చాం. మూడంగుళాలకు పైనే ఉంది, నోరు వెడల్పు, ఒళ్ళంతా నిమ్మపండు రంగు. ఈ రెండూ కలుస్తాయా? వారం నుంచి ఆడది మొక్కల్లోంచి బయటికి రావడం లేదండీ.

జవాబు: పాపం, ఎందుకు వస్తుందమ్మా! ఈ రెంటికీ వరసే కాదు, వంశమే వేరు.

గార్డ్‌నెరిలోనూ బంగారు రంగు రకం ఒకటుంది, అది తొట్టెల్లో ఏరి పెంచింది. కానీ మీరు చెప్పిన కొలతలు దానివి కావు. వెన్ను రెక్క ఎంతుందో ఒకసారి చూడండి. తోక దగ్గర చిన్న ముక్కలా ఉండి, కింది రెక్క మాత్రం పొడుగ్గా ఉంటే, మీ ఇంట్లో ఉన్నది గోల్డెన్ వండర్ కిల్లీ. దాని అసలు పేరు అప్లోకైలస్ లీనియేటస్. అది ఆఫ్రికాది కాదు, మన దక్షిణ భారతదేశపు చేప, పడమటి కనుమల వాగుల్లోది. దాన్ని తొట్టెల్లో పసుపు రంగుకి ఏరి పెంచి, ఆ పేరు పెట్టి, మళ్ళీ మనకే అమ్ముతున్నారు. నీటిపైన కదిలే పురుగుని ఒక్క గెంతులో మింగే చేప. నాలుగంగుళాలకు పెరిగాక మీ ఆడ గార్డ్‌నెరిని కూడా వదలదు. ఇవాళే వేరు చేయండి. బాబుని మాత్రం కోప్పడకండి, 'కిల్లీ' అని రాసి ఉన్నదాన్ని కిల్లీ అనే తెచ్చాడు.

ప్రశ్న (వరంగల్): నా దగ్గర లాఫియా అని లేబుల్ ఉన్న మగచేప, మకుర్డి అని ఉన్న రెండు ఆడచేపలు ఉన్నాయి. రెండూ గార్డ్‌నెరే కదా, కలిపితే ఏమవుతుంది?

జవాబు: పిల్లలు పుడతాయి, బాగుంటాయి కూడా. చిక్కంతా అక్కడే.

నేను చేసిన తప్పు చెబుతాను. నా దగ్గర అకురే అని రాసిన జత ఒకటి ఉండేది. ఆడది తొట్టెలోంచి గెంతి చచ్చిపోయింది. మూతకి గొట్టం దూరేంత కంత ఉంది, అంతే చాలింది దానికి. ఇంకో మిత్రుడి దగ్గర్నుంచి లేబుల్ చెరిగిపోయిన ఆడచేపని తెచ్చి కలిపాను. ఎనభై దాకా పిల్లలు. మగవి ఎంత బాగున్నాయంటే చూడ్డానికి వీధిలోవాళ్ళు వచ్చారు. పొంగిపోయి పదిమందికి పంచాను. ఆ పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టాయి. రోజూ ఏరుతున్నాను, రోజూ తెల్లబడిపోతున్నాయి. రెండు నెలల్లో చేతికి దక్కింది నాలుగు పిల్లలు. ఊళ్ళ మధ్య దూరం చేపల రక్తంలోకి కూడా ఎక్కుతుందని అప్పుడు తెలిసొచ్చింది. డెన్మార్క్‌కి చెందిన షేల్ అనే ఆయన ఈ జాతుల్ని ఇలా కలిపి కలిపి, ఏవి గొడ్డుపోతాయో చూసి 1968లో పెద్ద పుస్తకమే రాశాడు. అది ముందే చదివి ఉంటే బాగుండేది.

నా వంశం ఆగిపోవడం కాదు నన్ను బాధపెట్టింది. నేను పంచిన పదిమందిలో ఇద్దరు వాటి మీద 'అకురే' అనే రాసుకున్నారని తర్వాత తెలిసింది. ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన చెరిపేశాడు. ఇంకొకాయన 'ఎవరికి తెలుస్తుంది లెండి' అన్నాడు.

మీ మగచేపకి లాఫియా ఆడచేప దొరికేదాకా ఆగండి. ఇవి రెండుమూడేళ్ళు బతుకుతాయి, తొందరేమీ లేదు.

ప్రశ్న (గుంటూరు, ఇంజనీరింగ్ విద్యార్థి): సర్, ఒక మగ, ఒక ఆడ చేపని ఒక అడుగు తొట్టెలో వేశాను. నాలుగో రోజుకి ఆడది రెక్కలు చిరిగి చనిపోయింది. గుడ్లు కనపడలేదు. మళ్ళీ జత దొరికింది. ఈసారి మొదటినుంచీ ఎలా చేయాలో చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ నీకు కాదు నాయనా, ఆడచేపకి. గార్డ్‌నెరి మగచేప మహా మొండిది. ఆడది సిద్ధంగా లేకపోయినా వెంటపడుతుంది, ఒక్కటే ఉంటే దాని ప్రాణం తీస్తుంది. అందుకే ఒక మగచేపకి రెండు ఆడచేపలన్నా ఉండాలి. ఇరవై లీటర్ల తొట్టె చాలు, కానీ దాక్కోవడానికి నాచు దట్టంగా ఉండాలి.

ముందు వారం రోజులు మగచేపని వేరుగా, ఆడచేపల్ని వేరుగా ఉంచి మేపు. ప్యాకెట్ మేత కాదు. దోమ లార్వాలు, డాఫ్నియా అనే బుల్లి నీటి పురుగులు, ఎర్ర పురుగులు, ఏది దొరికితే అది. వాటిని టీ వడపోతలో కడిగి వెయ్యి. ఆడచేపల పొట్ట గుండ్రంగా అయ్యాక కలుపు.

గుడ్లు పెట్టడానికి ఊలు కుచ్చు కావాలి. యాక్రిలిక్ ఊలు తీసుకో. నూలు దారం కుళ్ళిపోతుంది, పనికిరాదు. ముదురు ఆకుపచ్చ అయితే గుడ్లు బాగా కనిపిస్తాయి. అరచేతికి చుట్లు చుట్టి, ఒక పక్క కట్టి, రెండో పక్క కత్తిరిస్తే అచ్చం జడకుచ్చులా ఉంటుంది. రంగు దిగుతుందేమో రెండుసార్లు మరిగించి చూసుకో. పైన థర్మోకోల్ ముక్క కట్టి తేలేలా వదులు. మా ఆవిడ పెట్టెలో ఊలు ఎంత పోయిందో ఆవిడకి ఇప్పటికీ లెక్క తెలియదు.

ఫిల్టర్‌కి స్పాంజ్ రకం చాలు, గాలి బుడగలు మెల్లగా రావాలి. మూత మాత్రం గట్టిగా ఉండాలి. నా అకురే ఆడచేప కథ పైన చదివావు కదా.

పొద్దున్నే కుచ్చు తీసి, నీళ్ళు మెత్తగా పిండి, పాయలు విడదీసి వెతుకు. గుడ్డు ఆవగింజంత ఉంటుంది, నానిన సన్న సగ్గుబియ్యంలా పారదర్శకంగా మెరుస్తుంది. వేళ్ళతో తీయొచ్చు, భయపడకు. మంచి గుడ్డు పెంకు గట్టిగా ఉంటుంది, నొక్కినా జారుతుందే గానీ చితకదు. చితికిందంటే అది ఎలాగూ పోయే గుడ్డే. రోజుకి అయిదో పదో వస్తాయి, ఒకేసారి వందలు రావు. పదిరోజులు ఏరు, తర్వాత ఆడచేపలకి విశ్రాంతి ఇవ్వు.

గుడ్లని స్వీటు డబ్బాలాంటి వెడల్పు ప్లాస్టిక్ డబ్బాలో వేసి, అదే తొట్టె నీళ్ళు రెండు వేళ్ళ లోతున పొయ్యి. మిథిలీన్ బ్లూ అనే నీలం మందు ఒకటి రెండు చుక్కలు, నీళ్ళు ఆకాశం రంగులోకి వస్తే చాలు. చచ్చిన గుడ్డు ఆ నీలాన్ని పీల్చుకుని ముదురుతుంది, బతికినది తేటగానే ఉంటుంది. చచ్చినవి రోజూ తీసెయ్, లేకపోతే బూజు పక్కదానికి అంటుకుంటుంది. డబ్బా మీద తేదీ రాయడం మర్చిపోకు. 24 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాల్లో పిల్లలు వస్తాయి. వారం దాటాక భూతద్దంతో చూస్తే పెంకు లోపల రెండు కళ్ళు, చుట్టూ బంగారు ఉంగరాలు కనిపిస్తాయి. అది చూసిన రోజు నిద్రపట్టదు.

రెండో పద్ధతి కొబ్బరి పొట్టు. మిద్దెతోటలవాళ్ళు కోకోపీట్ అంటారే, అదే. దాన్ని మరిగించి, నీళ్ళలో రంగు పోయేదాకా కడిగి, గట్టిగా పిండి, మెత్తటి పొగాకులో ఉండేంత తడి మిగిల్చి, దాని మీద గుడ్లు పరిచి డబ్బా మూత పెట్టడం. మూడు నాలుగు వారాలకి నీళ్ళు పోస్తే పిల్లలు దాదాపు ఒకే రోజు వస్తాయి. అన్నీ ఒకే సైజు కాబట్టి పెద్దవి చిన్నవాటిని తినడం తగ్గుతుంది. నా ఓటు దీనికే. కానీ మొదటిసారి నీళ్ళ పద్ధతే చెయ్యి, గుడ్డులో ఏం జరుగుతోందో రోజూ కంటికి కనిపిస్తుంది.

పుట్టిన పిల్ల మొదటిరోజే ఆర్టీమియా, అంటే ఉప్పునీటి బుల్లి రొయ్య పిల్లల్ని తినగలదు. గుప్పీ పిల్లలకి వేసే పొడి వీటికి పనికిరాదు, కదిలేదే తింటాయి. ఆర్టీమియా ఎక్కడ దొరుకుతుందని మళ్ళీ ఉత్తరం రాయకు. మన కోస్తాలో రొయ్య పిల్లల హేచరీలన్నీ దాని మీదే నడుస్తాయి, వాటికి సరుకు అమ్మే కొట్టులో అడుగు. దాని గుడ్లు పొదగడానికి లీటరు నీటికి పాతిక ముప్ఫై గ్రాముల గళ్ళుప్పు, గాలి గొట్టం, ఒక రోజు. వడగట్టి, ఉప్పు కడిగి వెయ్యాలి. పిల్లల పొట్టలు నారింజ రంగుకి తిరిగితే తిన్నట్టు లెక్క. కొంచెం కొంచెంగా రెండుపూటలా వెయ్యి. తినకుండా మిగిలినవి చచ్చి అడుగున కుళ్ళితే నీళ్ళు పాడవుతాయి, అప్పుడే వెల్వెట్ జబ్బు దిగుతుంది. టార్చి వేస్తే ఒంటిమీద పసుపు పొడి చల్లినట్టు కనిపిస్తుంది. అది రాకుండా నేను పది లీటర్లకి ఒక చెంచా గళ్ళుప్పు ముందునుంచే వేస్తాను.

రెండు నెలలకి మగ, ఆడ తేలిపోతాయి. మూడు నాలుగు నెలలకి అవే గుడ్లు పెడతాయి.

ప్రశ్న (నెల్లూరు, రొయ్య హేచరీ ఉద్యోగి): నీళ్ళలో పెట్టిన గుడ్లలో కళ్ళు స్పష్టంగా కనిపించి పదిరోజులైంది. మొత్తం 26 రోజులు. ఒక్కటీ పగలలేదు. పారేయాలా?

జవాబు: అయ్యయ్యో, పారేయకండి! లోపల పిల్ల తయారై కూర్చుంది, బయటికి రావడానికి కబురు అందలేదంతే. వాళ్ళ ఊళ్ళో వాన పడి నీళ్ళు కొత్తగా చేరితే అదే కబురు. కొన్ని కిల్లీ జాతుల గుడ్లు మడుగు ఎండిపోయినా మట్టిలో నెలల తరబడి నిద్రపోతాయి. గార్డ్‌నెరికి అంత అవసరం లేదు గానీ, ఆ అలవాటు ఛాయలు కొంచెం ఉన్నాయి.

నేను చేసేది ఇది. పాత నీళ్ళు వంచేసి, నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉన్న కొత్త నీళ్ళు పోస్తాను. సాయంత్రానికి రాకపోతే గుడ్లని మూతున్న చిన్న మందు సీసాలో, నిండా నీళ్ళతో వేసి, చొక్కా జేబులో పెట్టుకుని బజారుకి వెళ్ళివస్తాను. ఆ కుదుపుకి, లోపల ప్రాణవాయువు తగ్గడానికి పిల్ల పెంకు చీల్చుకుంటుంది. ఒకసారి రైతుబజారులో బెండకాయలు ఏరుతుంటే జేబులో ఏడు పిల్లలు పుట్టాయి. చిటికెడు మేత పొడి వేసినా నీటిలో గాలి తగ్గి అదే ఫలితం వస్తుంది, కానీ గంట గంటకీ చూస్తుండాలి.

ఎంత ఆలస్యమైతే అంత నష్టం, అది గుర్తుంచుకోండి. లోపల మరీ ఎక్కువ రోజులున్న పిల్ల ఈదలేదు, గాలితిత్తి నిండక అడుగున పొట్టతో పాకుతుంది. అది కోలుకోవడం నేను చూడలేదు. మీరు ఈ ఉత్తరం వేసిన రోజే ఫోన్ చేసి ఉంటే బాగుండేది.

ప్రశ్న (రామగుండం): మా ఊరి ఎండలకి ఆఫ్రికా చేప తట్టుకుంటుందిగా?

జవాబు: ఆఫ్రికా అంటే ఎండే అనుకుంటాం. ఇవి నీడన పారే వాగుల చేపలు. 22 నుంచి 26 డిగ్రీలు హాయి. ముప్ఫై దాటితే గుడ్లు పోతాయి, చేప ఆయుష్షు తగ్గుతుంది. తొట్టెని కింది అంతస్తులో, ఉత్తరపు గదిలో, నేలకి దగ్గరగా పెట్టండి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి, ఆవిరై తగ్గిన నీళ్ళు రోజూ పొయ్యండి. గుడ్ల డబ్బాని తడి ఇసుకలో దించిన కుండలో పెట్టొచ్చు. పిల్లల్ని తీసే పని మాత్రం దసరా తర్వాత మొదలుపెట్టి శివరాత్రికి ముగించండి.

ప్రశ్న (అమలాపురం, స్కూలు టీచరు): మా పంట కాలవలో నీటి పైపైనే తిరిగే చిన్న చేప ఉంది. తల మీద వెండి చుక్క మెరుస్తుంది. మీ ఆఫ్రికా చేప ఫోటో చూసి పిల్లలు 'ఇది మన కాలవ చేపలా ఉంది' అన్నారు. సంబంధం ఉందా?

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇది. మీ పిల్లల కన్ను బంగారం కానూ! అది అప్లోకైలస్ పాంచాక్స్. హామిల్టన్ అనే శాస్త్రవేత్త 1822లో గంగానది చేపల పుస్తకంలో వర్ణించాడు. వెన్ను రెక్క మొదట్లో నల్లమచ్చ ఉందేమో చూడమనండి, ఉంటే ఇక అనుమానమే లేదు. అది మన కిల్లీయే, ఆఫ్రికా కిల్లీలకి దూరపు బంధువు. దోమ లార్వాలు దానికి పరమాన్నం.

అదే ఊపులో ఇంకొక పాఠకుడు 'దోమలు తింటాయి కదా, గార్డ్‌నెరి పిల్లల్ని మా ఊరి చెరువులో వదలొచ్చా' అని అడిగారు. వద్దు. గంబూసియా అనే విదేశీ చేపని అలాగే తెచ్చి ఊరూరా వదిలాం, అది ఇప్పుడు మన చిన్న చేపల గుడ్లూ పిల్లలూ తింటోంది. చెరువులో వెండి చుక్క చేప ఉంటే దానికి మించిన దోమల మందు లేదు. మిగిలిన గార్డ్‌నెరి పిల్లల్ని ఎవరికన్నా ఇవ్వండి.

ప్రశ్న (కాకినాడ, ఇన్సూరెన్స్ ఏజెంటు): మాస్టారూ, మీరు నైజీరియాలో పనిచేశారని విన్నాను. మీ దగ్గరున్న గార్డ్‌నెరి అక్కడినుంచి తెచ్చినవేనా? కొన్ని గుడ్లు పంపగలరా? అక్కడి మిత్రుల ద్వారా ఇంకొన్ని ఊళ్ళవి పోస్టులో తెప్పించవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకి ముందు జవాబు. బయటి దేశాల నుంచి చేపలు గానీ గుడ్లు గానీ తేవడానికి ప్రభుత్వ అనుమతి ఉండాలి. కవర్లో పెట్టి పంపించమనడం తప్పు, ఆ పని నేను చేయను, మీరూ చేయకండి.

విన్నది నిజమే. 1976లో నైజీరియా ప్రభుత్వం ఉచిత ప్రాథమిక విద్య మొదలుపెట్టాక అక్కడ బళ్ళు పెరిగాయి, టీచర్లు చాలలేదు. మన దేశం నుంచి చాలామంది వెళ్ళారు, వాళ్ళలో నేనొకణ్ణి. 1980 నుంచి 1984 దాకా బెన్యూ రాష్ట్రంలో, మకుర్డికి కొంచెం దూరంలో సైన్సు చెప్పాను. అక్కడి తివ్ జనం మనం వరి వేసినంత శ్రద్ధగా యామ్ దుంప వేస్తారు. డిసెంబరులో ఉత్తరం నుంచి హర్మటాన్ గాలి దుమ్ము మోసుకొచ్చేది, బడి వెనక వాగు మడుగులుగా విడిపోయేది. పిల్లలు బుట్టలతో దేవేవాళ్ళు. ఒకరోజు ఒక కుర్రాడు దోసిట్లో నీళ్ళతో ఒక చేప తెచ్చి చూపించాడు. నీలంగా మెరిసింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. 'బాగుంది, వదిలేయ్' అన్నాను. నాలుగేళ్ళలో ఆ వాగులోకి ఒక్కసారి కూడా వంగి చూడలేదు. జువాలజీ మాస్టర్ని!

ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడ ఒక మిత్రుడి తొట్టెలో గార్డ్‌నెరిని చూసినప్పుడు ఆ దోసిలి గుర్తొచ్చింది. అదే చేపేమో. మకుర్డి గార్డ్‌నెరి అని నిజంగానే ఒక రకం ఉంది. కానీ నేను చూసింది రెండు సెకన్లు, అందులో రెక్క ఎక్కడుందో, అంచు ఏ రంగో ఏమీ చూడలేదు. ఇప్పుడు నా దగ్గరున్నవి ఆ మిత్రుడు ఇచ్చిన గుడ్ల సంతానం. ఆయనకి ఎవరో ఇచ్చారు, వాళ్ళకి ఇంకెవరో. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ 'అక్కడ పనిచేశారు, మకుర్డి అని రాసేయండి సార్, అందంగా ఉంటుంది' అంటారు. మా మనవరాలైతే ఒకసారి స్కెచ్ పెన్నుతో రాసేసింది కూడా. తడిగుడ్డతో తుడిచాను.

గుడ్లు పంపుతాను. కార్తీకమాసం వెళ్ళాక, చలి పట్టాక, తడి కొబ్బరి పొట్టులో పెట్టి స్పీడ్ పోస్టులో. అడ్రసు పత్రిక ఆఫీసుకి రాయండి. సంచి మీద మూడు ముక్కలే ఉంటాయి: గార్డ్‌నెరి, ఏరిన తేదీ, ఊరు తెలియదు.